బిల్లులో నేను రాసిన వివరం

మొన్న కంటి పరీక్షకని ఆసుపత్రికి వెళితే, డబ్బు కట్టించుకునే అమ్మాయి నా ఫోను నంబరు రాసుకుని, బిల్లు ఇదే నంబరుకు పంపవచ్చునా, ఇంట్లో ఇంకెవరైనా ఈ ఫోను చూస్తారా అని చాలా మామూలుగా అడిగింది. వరుసలో నా వెనక నిలబడ్డ పెద్దమనిషి, ఇదేం చాదస్తం అన్నట్టు నవ్వాడు. నేను మాత్రం ఏదో జవాబిచ్చేసి వచ్చి కుర్చీలో కూలబడ్డాను. కంట్లో మందు చుక్కలు వేసి ఉన్నారు గనుక నేను కళ్ళు తుడుచుకుంటున్నా ఎవరూ వింతగా చూడలేదు. ఎనిమిదేళ్ళ కిందట అలాంటి ప్రశ్నే నేను ఒక తల్లిని అడిగి ఉండవలసింది. అడగకపోగా, ఆమె నోరు తెరిచి చెప్పిన మాటను కూడా పెడచెవిని పెట్టాను.

ఈ తమిళ ఊళ్ళో స్థిరపడ్డ నా ఈడు తెలుగువాళ్ళకు జార్జి టౌన్ అంగళ్ళు ఎట్లా నడిచేవో నేను చెప్పనక్కరలేదు. అక్కడ కాగితాల టోకు వ్యాపారి ఒకాయన దగ్గర ముప్ఫై ఏళ్ళు లెక్కలు రాశాను. ఆ వీధికంతా ఆడగుమాస్తాని నేనొక్కదాన్నే. విద్య మా నాన్న నేర్పినది. చిట్టాలో పద్దు రాస్తే పక్కన వివరం ఉండి తీరాలనీ, ఎవరికి, ఎందుకు, ఎవరి చేతిమీదుగా అన్నది లేకపోతే అది పద్దే కాదనీ ఆయన నా చెయ్యి పట్టి దిద్దించేవారు. పొద్దున్నే వచ్చిన టపా అంతా యజమాని ముందు పెట్టి, కవర్లు చింపి, గుమాస్తా పైకి చదవడం అక్కడి ఆచారం. బేరానికి వచ్చినవాళ్ళు, తోపుడుబండ్లవాళ్ళు, పక్క అంగడి నుంచి పేపరు చదవడానికి వచ్చి కూర్చున్నవాళ్ళు, అందరూ వినేవాళ్ళే. అట్లా ముప్ఫై ఏళ్ళు చదివిన గొంతు నాదేనని ముందుగానే చెబుతున్నాను. తెలియక చేశానని అనిపించుకునే దారి కూడా నాకు లేదు.

పని మానుకుని ఇంట్లో కూర్చుని, పెసరపప్పులో రాళ్ళేరుతూ అందరి మీదా చిరాకు పడుతున్న రోజుల్లో మా చెల్లెలి కూతురు చూలైలో సొంతంగా ఒక చికిత్సాకేంద్రం తెరిచింది. మాట ఆలస్యమైన పిల్లలకూ, ఒక్క చోట కుదురుగా ఉండలేని పిల్లలకూ చిన్న చిన్న మెట్లుగా అలవాట్లు నేర్పే చదువు అది. బిహేవియర్ థెరపీ అంటారు. చోటు దొరికింది అట్టపెట్టెలు చేసే వర్క్‌షాపు మీది మేడలో. కింద అట్టలు కోసే యంత్రం దబదబమంటే పైన పిల్లలు చెవులు మూసుకుని ఏడ్చేవాళ్ళు. యంత్రం ఏ వేళల్లో ఆపాలో మాట్లాడడానికి వెళ్ళి, ఆ యజమానితో గంటసేపు బేరమాడి, చివరికి వాళ్ళ భోజనం వేళ మార్పించి వచ్చింది నేనే. కార్పొరేషన్ లైసెన్సు, ఆరు నెలలకొకసారి కట్టే వృత్తి పన్ను, జీతాల పట్టీ, అద్దె ఒప్పందం, అన్నీ నా నెత్తిన వేసుకున్నాను. మా పెద్దమ్మ ఉండగా నాకు లెక్కల బెంగ లేదని అది వచ్చినవాళ్ళందరితో అంటుంటే, అరవై రెండేళ్ళ వయసులో నాకు మళ్ళీ ఉద్యోగం వచ్చినంత గర్వంగా ఉండేది.

ఒక్క విషయంలో మాత్రం ఇద్దరికీ పొసగలేదు. పిల్లల కాగితాలు ఒకే బీరువాలో ఉండాలి, దానికి తాళం ఉండాలి, బిల్లు మీద పేరుగానీ జబ్బుగానీ రాయకూడదు, పిల్లవాడి నంబరు మాత్రమే వెయ్యాలి. పిల్లలకు నంబర్లేమిటి, ఇదేమన్నా జైలా అని నేను సణిగాను. అది నవ్వేసింది. "అది వాళ్ళ గుట్టు పెద్దమ్మా, మనది కాదు. దాచిపెట్టేదానికే మనం ఈడ ఉండేది, సరియా?" అంది. సరేనన్నాను గానీ, రోజూ సాయంత్రం ఆ వట్టి నంబర్లు చూస్తుంటే నాన్న చూస్తే ఏమనేవారో అనిపించేది. అవసరానికి ఉంటుందని బీరువా రెండో తాళంచెవి నాకే ఇచ్చింది.

మొదటి ఏడాది వచ్చిన పిల్లల్లో ఐదేళ్ళవాడు ఒకడుండేవాడు. జార్జి టౌన్‌లో పేరున్న మన తెలుగువాళ్ళ అంగడి, కింద వ్యాపారం, పైన కాపురం. ఆ ఇంటి చిన్నకోడలి కొడుకు. మా వంశంలో మగపిల్లలకు మాట ఆలస్యమే, డాక్టర్లూ గీక్టర్లూ అక్కరలేదని ఇంటి పెద్దాయన ఖండితంగా చెప్పేశాడట. భర్తకు అంతా తెలుసు, కానీ తండ్రి ముందు నోరెత్తే మనిషి కాడు. ఆమె వాణ్ణి బొమ్మల క్లాసుకు తీసుకుపోతున్నానని చెప్పి, వారానికి రెండుసార్లు బస్సులో వచ్చేది. చీరలకు ఫాల్స్ కుట్టి దాచుకున్న డబ్బు నా చేతిలో పెట్టి, "నాకు బిల్లు మాత్రం వొద్దు పెద్దమ్మా, ఇంట్లో చూసినారంటే అంతే" అనేది.

ఆ మాట నేను ఎట్లా విన్నానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. బిల్లు వద్దన్నవాడు సర్కారు దగ్గర ఏదో దాస్తున్నవాడేనని జార్జి టౌన్ నాకు నేర్పింది. ఇంత పేరున్న ఇల్లు, ఈ కక్కుర్తి ఏమిటని మనసులో అనుకున్నాను. నంబరు వేసిన రసీదు రాసి నా దగ్గరే అట్టిపెట్టుకునేదాన్ని. ఈలోగా పిల్లవాడు బాగుపడుతున్నాడు. మొదట్లో మెట్ల దగ్గరే పడి దొర్లేవాడు, నాలుగో నెలకు తన చెప్పులు తనే విప్పి అరలో పెట్టడం మొదలెట్టాడు. ఒకరోజు నా బల్ల దగ్గరికి వచ్చి, నా మంచినీళ్ళ సీసా చూపించి "ళ్ళు" అన్నాడు. ఆ తల్లి గోడకు ఆనుకుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, అబద్ధం ఎందుకు.

ఆ తరవాత కొద్దిరోజులకే ఆడిటరు లెక్కలు చూడడానికి వచ్చాడు. కుర్రవాడు, మర్యాదస్తుడు. నగదు రసీదులు తిరగేస్తూ, పేరూ విలాసమూ కూడా ఉంటే ఇంకా బాగుంటుందని మాటవరసకు అన్నాడు. ఉండాలి అనలేదు, ఉంటే బాగుంటుంది అన్నాడు, అంతే. ముప్ఫై ఏళ్ళలో ఒక్క మాట పడని నాకు అదే పెద్ద దెబ్బయింది. మా అమ్మాయి లోపల పిల్లలతో ఉన్న వేళ చూసి బీరువా తీశాను. కాగితంలో ఉన్న విలాసం అంగడిదే. అంగడి పేరు మీద, నాలుగు నెలలకూ కలిపి, నిండైన బిల్లు ఒకటి రాశాను. వివరం గడి ఖాళీగా వదలలేదు. "మీ చిరంజీవి మనుమనికి బుద్ధి కుదురుటకు, మాట వచ్చుటకు వారమునకు రెండు దినములు చేసిన చికిత్స" అని గుండ్రటి అక్షరాలతో తెలుగులో రాశాను. తెలుగు అంగడి గదా, పెద్దాయన చదువుకోవడానికి హాయిగా ఉంటుందని ముచ్చటపడ్డాను. ఇంగ్లీషులో రెండు ముక్కలు గిలికి ఉంటే ఆయన అర్థం కాక పక్కన పడేసేవాడేమో. డబ్బు కట్టిన ఇంటికి బిల్లు చేరితేనే పద్దు పూర్తయినట్టని కవరులో పెట్టి, కొరియరులో వేసి, ఆ రోజు తృప్తిగా భోంచేశాను.

తరవాతి వారం ఆ తల్లీ కొడుకూ రాలేదు. ఎవరి ఫోను నుంచో మా అమ్మాయికి కబురు వచ్చింది, ఇంట్లో తెలిసిపోయింది, ఇంక తీసుకురాలేనని. ఆ వీధిలో నాకు తెలిసిన పాత గుమాస్తా ఒకాయన గుడి దగ్గర కనిపించి, ఫలానా అంగట్లో పిచ్చిడాక్టరు బిల్లు వచ్చిందట, పదిమందిలో చదివారట, పెద్దాయన కోడల్ని కిందికి పిలిచి అందరి ముందూ నిలబెట్టి అడిగాడట అని నవ్వుతూ చెప్పాడు.

మా అమ్మాయి మాత్రం తప్పు తనదే అనుకుంది. అంతకుముందు వేళ మార్చడానికి తను ఒకసారి ఫోను చేసిందనీ, ఎవరో మగగొంతు పలికితే తను పెట్టేసిందనీ, దానివల్లే బయటపడిందనీ నా ఎదుట కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. బిల్లుపుస్తకం నా సొరుగులోనే ఉంది. తేలు కుట్టిన దొంగలాగా నోరు మూసుకున్నాను. పోనీలేమ్మా అన్నాను, దాని వీపు నిమిరాను. ఆ నిమిరిన చెయ్యి తలుచుకుంటే బిల్లు రాసినందుకంటే ఎక్కువ అసహ్యం వేస్తుంది నాకు. అటుపైన చాలా నెలలు అది ఎవరికి ఫోను చెయ్యాలన్నా తడబడేది, నంబరు నొక్కి మళ్ళీ పెట్టేసేది. నేను చూస్తూ కూర్చునేదాన్ని. ఏడాది చివర ఆడిటరు మళ్ళీ వచ్చి, ఇంత శుభ్రమైన పుస్తకాలు ఈ మధ్య చూడలేదన్నాడు. ఆ సంతోషంలో మా అమ్మాయి నాకు చీర కొనిపెట్టింది, నేను తీసుకున్నాను. ఎన్నోసార్లు చెప్పబోయాను, చెబితే ఆ బల్ల ముందు కుర్చీ పోతుందేమోనని మింగేశాను.

నిరుడు మాధవరంలో చుట్టాల గృహప్రవేశానికి వెళ్ళి తిరిగి వస్తూ బస్సు కోసం నిలబడి ఉంటే, వెనకనుంచి పెద్దమ్మా అని ఎవరో పిలిచారు. ఆమే. పక్కన తల్లిని మించి పొడవు పెరిగిన పిల్లవాడు, బస్సు హారన్లకు చెవులు మూసుకుని నిలబడ్డాడు. వేరు కాపురం పెట్టి మాధవరం వచ్చేశారట, భర్త చిన్న అంగడి పెట్టుకున్నాడట. పిల్లవాణ్ణి తొమ్మిదో ఏట మళ్ళీ చికిత్సకు చేర్చారట, నాలుగైదు మాటలు వస్తాయి, మిగతావి బొమ్మలు చూపించి చెబుతాడట. మధ్యలో ఆ నాలుగేళ్ళు పోకుండా ఉంటేనా అని అక్కడివాళ్ళు అంటుంటారని, ఎండ ఎక్కువగా ఉందన్నంత మామూలుగా చెప్పింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని ఏదో మొదలుపెట్టబోయాను. ఆమె సాగనివ్వలేదు.

"చూడంగానే తెలిసిపొయినాది పెద్దమ్మా, ఆ రాత మీదేనని. ఇంట్లో ఎట్ట తెలిసిందని ఆనాడు ఫోన్‌లో మేడమ్ అడిగినారు గూడా. ఎట్లో తెలిసిందిలెండి అనేసినాను. పెద్దోళ్ళు మీరు, ఆడ మీ మర్యాద యాల పోవాల? సరి, వదిలెయ్యండి" అంది. అంతలో వాళ్ళ బస్సు వచ్చింది. నేను బయటపెట్టిన గుట్టు ఆమెది, ఇన్నేళ్ళుగా ఆమె కడుపులో పెట్టుకున్న గుట్టు నాది.

ఇప్పుడు మా అమ్మాయి కేంద్రం మూడు గదులైంది. బిల్లులు కంప్యూటరే వేస్తుంది, వివరం గడిలో ఏముండాలో అదే చూసుకుంటుంది, ఎవరి చేతిరాతా ఎక్కడా కనబడదు. ఇట్లాంటి పిల్లలున్న ఇళ్ళవాళ్ళు ఇప్పుడు దాచుకోవడం కూడా తగ్గింది, తాతలే వేలు పట్టుకుని తీసుకొస్తున్నారు. ఆ తల్లికి ఈ కాలం కొంచెం ముందుగా వచ్చి ఉంటే ఎంత బాగుండేదో. నేను పనికి వెళ్ళడం మానేశాను గానీ, మా అమ్మాయి ఆదివారాలు వచ్చి భోంచేసి పోతుంది, ఇప్పటికీ ఆ పిల్లవాడి మాట వస్తే తల దించుకుంటుంది. దానికి తెలుగు మాట్లాడడం వచ్చు గానీ చదవడం రాదు. మా ఇంట్లో తెలుగు అక్షరాలు నాతోనే ఆఖరు. మన పిల్లలకు చదువు చెప్పించి కన్నభాష రాత నేర్పలేకపోయామే అని మీలాగే నేనూ ఎన్నిసార్లు బాధపడ్డానో లెక్కలేదు. ఇదంతా ఇంత ధైర్యంగా ఈ అక్షరాల్లో రాసి మీ చేతిలో పెడుతున్నది మాత్రం, దానికి ఇది చదవడం రాదన్న నమ్మకంతోనే.