ఆంబ్రోస్ వంక పెట్టని గోడ

రాళ్ళ మేస్త్రీ ఆంబ్రోస్ ఆల్డర్సన్‌కు ఒకటే జబ్బు. రాతి గోడ కనిపిస్తే వంక పెట్టనిదే అడుగు ముందుకు పడదు. ఆ యార్క్‌షైర్ లోయలో పొలానికో రాతి కొట్టం. అందుకని పొద్దున బ్రెడ్డు కొనడానికి బయల్దేరిన మనిషి మధ్యాహ్నానికి గానీ దుకాణం చేరడు.

ఒకసారి చర్చిలో పెళ్ళి జరుగుతుంటే, "ఎవరికైనా అభ్యంతరం ఉందా?" అని పాస్టరు అడగ్గానే ఈయన లేచి నిలబడ్డాడు. పెళ్ళికొడుకు ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"నీ గురించి కాదు నాయనా! ఆ కిటికీ కింద గోడ చూడు, రాళ్ళ అతుకు మీదే అతుకు పడింది. కట్టిన వెధవ ఎవడు?"

థిర్జా ఫాసెట్‌కు ఈ గొడవలేవీ పట్టవు. భర్త కిట్ పోయాక ఆవుల్ని ఒక్కతే చూసుకుంటోంది. సాయం అన్న మాట ఆమె దగ్గర ఎత్తకూడదు. ఎవరైనా గుడ్లు ఇస్తే సాయంత్రానికల్లా వాళ్ళింటికి కేకు వెళ్ళిపోతుంది. ఆ వేసవిలో ఆమె కొట్టం పడమటి గోడ నిండు చూలాలి పొట్టలా ఉబ్బింది. పైన అటక నిండా గడ్డి, కింద ఆవులు. చలికాలంలోపు గోడ కూలితే మందను అమ్ముకోవడమే. అయినా బాగుచేస్తామని వచ్చిన వాళ్ళందరినీ గుమ్మంలోంచే పంపేసింది.

ఆంబ్రోస్ సాయం ఊసే ఎత్తలేదు.

"అమ్మాయ్, నీ గోడకు బంధపు రాళ్ళు లేవు."

"కళ్ళు కనబడట్లేదా? వరసగా బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయిగా!"

"అవి సోకుకి పెట్టిన ముక్కలు. మూరెడు కూడా ఉండవు. అసలైన బంధపు రాయి బయటినుంచి లోపలి ముఖం దాకా పోవాలి. ఇది కట్టిన కిట్ వాళ్ళ తాత అందరి కళ్ళకూ గంతలు కట్టాడు."

లోపల చూపించి నోరు మూయిద్దామంటే, గోడంతా మందంగా సున్నం పూత.

"అయితే విప్పి చూడండి!" అంది థిర్జా ఒళ్ళు మండి. "పూర్తి రాయి ఉంటే ఏం చేస్తారు?"

"చచ్చినట్టు నేనే మళ్ళీ కట్టి ఇస్తా."

శనివారం తమాషా చూడ్డానికి ఊరంతా వచ్చింది. చూడ్డానికొచ్చిన ప్రతివాడి చేతిలోనూ సుత్తి ఉంది. కప్పు కూలకుండా ఊతంగా పెట్టే దుంగలు కూడా ఎవరో బండి మీద వేసుకొచ్చారు. పైనుంచి రాళ్ళు దించుతూ వచ్చారు. మొదటి బంధపు రాయి కదిలింది.

"నలుగురు పట్టండ్రా!" అని అరిచాడు ఆంబ్రోస్. "లోపలి దాకా ఉంటుంది, కాళ్ళు జాగ్రత్త!"

అని నాలుక కరుచుకున్నాడు. నలుగురూ ఆకాశం వైపు చూశారు. థిర్జా ఆయన వైపే చూసింది.

రాయి బయటికొచ్చింది. గోడ మందమంతా ఉంది.

"ఓడిపోయాను," అన్నాడు ఆంబ్రోస్, ముఖం వీలైనంత దిగాలుగా పెట్టి. "కట్టక తప్పదు."

థిర్జా అందరికీ టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.

కొన్నాళ్ళకు గోడ నిటారుగా లేచింది. ఆఖరి రాయి పెట్టి ఆంబ్రోస్ చేతులు దులుపుకుంటుంటే, థిర్జా కొట్టం చుట్టూ ఒకసారి తిరిగొచ్చింది.

"ఆంబ్రోస్ గారూ, ఉత్తరపు గోడలో ఉన్నవి కూడా అసలైన బంధపు రాళ్ళే. మీరేమంటారు?"

ఆంబ్రోస్ అటు తొంగిచూశాడు. అదీ కాస్త ఉబ్బే ఉంది.

"చచ్చినా ఒప్పుకోను!" అన్నాడు సంబరంగా.