మల్కీయా పురుగులు

మా మరిది మల్కీయా కంటికి లోకంలో పురుగు పట్టనిదంటూ ఏదీ లేదు. అత్తిపండును చీల్చి చూసి తింటాడు, సరే, అది అందరూ చేసే పనే. కానీ రొట్టెను ఎండకు పట్టి చూసేవాణ్ణి, కొత్త చెప్పును చెవి దగ్గర పెట్టుకుని వినేవాణ్ణి యెరూషలేము మొత్తంలో ఇతన్నొక్కణ్ణే చూశాను.

పుట్టుకతో యాజకుడే, అహరోను వంశమే. కానీ ఒక కాలు పొట్టి. ఒంట్లో లోపమున్నవాడు బలిపీఠం దగ్గరికి పోకూడదు కదా, అందుకని కుర్రతనంలోనే పెద్దలు పరీక్షించి ఆలయం కట్టెల గదిలో వేశారు. పురుగు పట్టిన కట్టె పీఠం మీద కాలకూడదు. దాన్ని ఏరి పారేయడం ఇతని పని. బలిమాంసంలో వాటా మాత్రం అందరితో సమానం.

"కాలే పొట్టి, కడుపు కాదు" అని నేనంటే, "నీ నాలుక పొడుగు కూడా పెద్దలకు చూపించాలి వదినా" అనేవాడు.

ఒక ఏడు, ఊరంతా ఆలయానికి కట్టెలు తెచ్చిచ్చే కట్టెల పండుగకు నూనె వర్తకుడొకడు పిల్లనగ్రోవులు ఊదించుకుంటూ అత్తి దుంగల బండి తెచ్చాడు. మల్కీయా ఒక దుంగకు చెవి ఆనించి కళ్లు మూసుకున్నాడు.

"లోపల నములుతోందండీ."

"ఇవి నా సొంత తోటవయ్యా!"

"పురుగు కూడా తమ సొంతమేనండి. ఇంటికి తీసుకెళ్లండి."

చీలిస్తే నిజంగానే ఉంది, బొటనవేలంత. పిల్లనగ్రోవులు ఆగిపోయాయి.

ఇలాంటివాణ్ణి శుభకార్యానికి ఎవరు పిలుస్తారు? నా మనవడు యెదాయాను యాజకుల్లో చేర్చుకునే ముందు పెద్దలు పరీక్షించే రోజున నేనూ పిలవలేదు.

తల్లీ తండ్రీ లేని పిల్లాణ్ణి నేనే పెంచాను. ఆలయం తెర నేసిన చేతులు నావి. ఆ చేతులతోనే, పరీక్ష నెగ్గితే కట్టుకుంటాడని, వాడికి తెల్లని నారబట్ట నేశాను. పెద్దలేమో వాణ్ణి రాతి మండపంలో నిలబెట్టి చూసి, ఒక కన్ను పెద్దది, ఒక కన్ను చిన్నది అన్నారు. నేనెత్తుకు తిరిగిన పిల్లాడి కళ్లు నాకు తెలియవా? వాళ్లే మెల్లకన్నుతో చూసి ఉంటారు. నా నారబట్ట మడత విప్పే పనే లేకపోయింది. లోపమున్నవాళ్లకు తొడిగే నల్లబట్టలతో వాడు ఇంటికొచ్చాడు.

చుట్టాలంతా చేరి ఓదార్చారు. ఓదార్చిన కొద్దీ వాడు కుంచించుకుపోయాడు. ముద్ద ముట్టలేదు. చివరికి, "బామ్మా, రేపు బేరగాళ్ల ఒంటెలతో ఐగుప్తుకు పోతున్నా. ఈ ఊళ్లో నాతో ఎవరికేం పని?" అన్నాడు. ఐగుప్తు పోయినవాడు నా చావుకైనా తిరిగొస్తాడా!

అప్పుడు తగలడ్డాడు మల్కీయా, చంకలో దుంగతో. ఓదార్పు లేదు, పలకరింపు లేదు. దుంగను తెచ్చి పిల్లాడి ముక్కు కింద పెట్టాడు.

"ఏరా, పురుగుందా లేదా?"

"లేదు చిన్నతాతా."

"ఉంది."

"లేదంటున్నాగా!"

"ఒక కన్ను పెద్దదన్నారుగా, దాంతో చూడు."

"ఏమయ్యా, బుద్ధుందా?" అని నేను అరిచాను. వినిపించుకుంటేనా!

యెదాయా దుంగను లాక్కుని అటూ ఇటూ తిప్పాడు. "ఎక్కడుంది? చూపించు! చూపు పోయింది నీకు!"

"పోతే పోయింది. గదిలో ఇలాంటివి బండెడున్నాయి. అన్నీ పారేస్తా."

"మంచి కట్టెలు పారేస్తావా?" అంటూ వాడు చెప్పులైనా వేసుకోకుండా ఆ కుంటివాడి వెనక పరుగెత్తాడు.

మర్నాడు ఒంటెలు వెళ్లిపోయాయి. వీడు మాత్రం పొద్దున్నే మళ్లీ కట్టెల గదికి పోయాడు. నేను రొట్టెలు మూటగట్టుకుని వెళ్లాను. ఆ గది స్త్రీల ఆవరణ మూలనే ఉంటుంది. లోపల ఇద్దరి కేకలు, బయట పారేసిన దుంగల కుప్ప. నాకు చదువు రాదు గానీ, పొయ్యి ముందు ముసలిదాన్నయినదాన్ని, కట్టె చూడటం రాదా? ఒకటి తీసి చూశాను, ఇంకొకటి చూశాను. ఒక్క పురుగు బెజ్జమైనా లేదు.

మల్కీయా బయటికొచ్చాడు.

"ఏమయ్యా, పురుగేదీ?"

"మెల్లగా వదినా! సాయంత్రం నేనే మంచివాటిలో కలిపేస్తా."

"అయితే ఇన్నేళ్లూ అబద్ధాలేనా?"

"అయ్యయ్యో, మిగతావన్నీ నిజం పురుగులే!" అని నొచ్చుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "నేను నల్లబట్టలతో వచ్చిన రోజున అందరూ నా కాలు చూసి కళ్లు తుడుచుకున్నారు. ఈ గదిలో ఉన్న ముసలాయన ఒక్కడే, 'కట్టె చూడటం రాదురా వెధవా' అని తిట్టాడు. సాయంత్రం దాకా ఆయనతో పోట్లాడాను. ఆ పూట నాకు ఆకలేసింది వదినా."

ఇంతలో యెదాయా తలనిండా బెరడు పొట్టుతో ఊడిపడ్డాడు. "బామ్మా, ఐగుప్తూ లేదు, ఏమీ లేదు. నేను పోతే ఈ తాత ఒక్క కట్టె మిగల్చడు. బలిపీఠం మీద నిప్పు ఆరిపోతుంది!"

"నాకు నేర్పుతాడట వీడు!" అని మల్కీయా గయ్యిమన్నాడు. మొహం మాత్రం వెలిగిపోతోంది.

నోటిదాకా వచ్చిన నిజాన్ని మింగేశాను. నా జన్మలో నోరు మూసుకోవడానికి అంత కష్టపడింది లేదు. మూట విప్పి, "ముందు తిని, తర్వాత కొట్టుకు చావండి" అన్నాను.

యెదాయా తన రొట్టెలు తిని, మల్కీయావి కూడా తినేశాడు.