అర లీటరు నీళ్ళు

రాజమండ్రిలో దిగేసరికి ఉదయం ఏడున్నర. కార్తీకమాసం, గురువారం. గోదావరి మీద మంచు. మా ఆయన భుజాన పటాలం నాటి పచ్చ సంచి. అందులో రెండు లుంగీలు, స్కాన్ ఫైలు, అర లీటరు స్టీలు సీసా. ఇరవై రెండేళ్ళు సైన్యంలో చేశారు. ఆసుపత్రికి వచ్చినా డ్యూటీకి వచ్చామనే అన్నారు. నాకు సంతకం వరకే వచ్చు. ఇదంతా నేను చెబుతుంటే మేనకోడలు రాస్తోంది.

ప్రోస్టేట్ క్యాన్సరుకు ఆపరేషన్ ముందే అయింది. ఇప్పుడు నడుం లోపల రెండు బిళ్ళల్లో, లింఫు గ్రంథులంటారట, మళ్ళీ కనబడింది. ఆ రెంటికే గురిపెట్టి ఐదు రోజులు రేడియేషన్ ఇస్తామన్నారు డాక్టరు గారు. అది పనిచేస్తే హార్మోను ఇంజెక్షన్లు ఇప్పట్లో అక్కర్లేదన్నారు. ఆయన భయమంతా ఆ ఇంజెక్షన్లే. సత్తువ పోతుందని, ఒంట్లో ఆవిర్లు పుడతాయని విన్నారు.

"నెలసరి ఆగినప్పుడు నేను పడ్డానండీ ఆ ఆవిర్లు. ఓసారి మీరూ చూడండి," అన్నాను.

"ఊరుకోవే," అని నవ్వారు.

మిషను గది నేలమాళిగలో ఉంది. బంకరు అన్నారాయన. ముందు అర లీటరు నీళ్ళు తాగి, మూత్రం ఆపుకుని వెళ్ళాలి. మూత్రాశయం నిండి ఉంటే పేగులు పక్కకు జరుగుతాయట. లోపల ఆయన ఒక్కరే. స్పీకర్లో మిషను నడిపే అమ్మాయి గొంతు.

"కదలకండి బాబాయ్ గారూ."

"కదలనమ్మా."

గురువారం అయింది. శుక్రవారం అయింది. సోమవారం తొమ్మిదీ పదికి బయటికి పంపేశారు.

"లోపల ఖాళీగా ఉందండి, ఇలా ఇవ్వలేం. పదిన్నరకు మళ్ళీ చూస్తాం," అంది ఆ అమ్మాయి.

సీసా చూశాను. నిండుగా ఉంది.

కార్తీక సోమవారం నక్షత్రం చూసేదాకా నేను మంచినీళ్ళు ముట్టను. పెళ్ళయినప్పటినుంచీ అంతే. ఆయన ఎప్పుడూ ఉపవాసం ఉండలేదు.

"ఏంటండీ ఇది?"

"నాకోసం నువ్వు ఎండిపోతుంటే ఎదురుగా కూర్చుని ఎలా తాగనే?"

మూత తీశాను. ముందు నేనే ఒక గుక్క తాగాను. నలభై ఏళ్ళ ఉపవాసం ఆ బెంచీ మీద పోయింది. సీసా ఆయనకిచ్చాను.

"తాగండి."

"ఆర్డరా?"

"ఆర్డరే."

పదిన్నరకు లోపలికి తీసుకున్నారు. బుధవారానికి ఐదూ అయ్యాయి. మధ్యాహ్నం బస్సుకు మా ఊరు పెనుగొండ వచ్చేశాం. ఆ ఇంజెక్షన్ ఒక్కటి కూడా వేయాల్సి రాలేదు.

రెండేళ్ళకు గుండె ఆగి పోయారు. నోట్లో తులసి నీళ్ళు పోశాను. పెదవి పక్కనుంచి కారిపోయాయి. ఏడుపు రాలేదు. ఆ రోజు సరిగా గుర్తు కూడా లేదు.

కళ్ళు మూస్తే ఆ బెంచీయే. సీసా ఎత్తిపట్టి, చూపు నా మీదే ఉంచి, ఆయన తాగుతుంటారు. గొంతు కదులుతూనే ఉంటుంది.