జత తప్పిన బెంచీ

ఆయనకి ఒంటిగా ఉన్న వస్తువంటే పడదు. మేజోడు ఒకటి పోతే మంచం కిందకి దూరతాడు. టీ కప్పు పగిలితే, మిగిలినదాన్ని చూసి దిగులుపడతాడు. ఆసుపత్రి ల్యాబులో ఆయన పేరే జతల సారు. తనని పెళ్లాడింది కూడా ఇంట్లో రెండో కుర్చీ ఖాళీగా ఉందనేనని ఆయన భార్య గట్టి నమ్మకం.

"ఏం పిచ్చండీ ఇది?" అని కొత్తలో అడిగింది.

"పొద్దస్తమానం నా పని అదే కదా. కణంలో క్రోమోజోములు జతలుగా ఉంటాయి. కంట్లో లేచిన క్యాన్సర్ గడ్డలో మూడో జతలోది ఒకటి పోయిందనుకో, ఆ గడ్డ కాలేయానికి పాకే ముప్పు ఎక్కువ."

"మరి చెంచాలకేం ముప్పు?"

"ఏమో, అలవాటైపోయింది."

అలాంటి మనిషి ఓ రోజు "భోజనానికి రెండు డబ్బాలు కట్టు" అన్నాడు. ఆర్నెల్ల కిందటా ఇలాగే అన్నాడు, రెండోది ఎవరికో చెప్పలేదు. అనుమానం పెనుభూతమని ఊరికే అన్నారా? ఆర్నెల్లకోసారి పుట్టుకొచ్చే ప్రేమేమిటో అని తనమీద తనే నవ్వుకుంది గానీ, కాళ్లు ఆగలేదు. ఎవరూ పోల్చుకోకుండా నల్ల కళ్లజోడు పెట్టుకుని ఆసుపత్రికి బయల్దేరింది. ల్యాబుకి దారి కంటి విభాగం మీదుగానే; అందులో అడుగుపెట్టగానే ఆయా వచ్చి చెయ్యి పట్టుకుంది. "మెల్లగా అమ్మా, మెట్టుంది."

అలా ఆయా చేతిలో చెయ్యేసి నడుస్తూనే భర్తని పట్టుకుంది. స్కానింగ్ గది బయట బెంచీ మీద ఓ దర్జీ ఆవిడతో కలిసి డబ్బా ఖాళీ చేస్తున్నాడు.

"ఎండ లేదుగా, కళ్లజోడెందుకు?" అన్నాడాయన.

భార్య కళ్లజోడు తీసేసి దర్జీ వైపు చూసింది. దర్జీయే చెప్పింది. "గడ్డొచ్చిన కన్ను తీసేశారు మేడం. సారు పరీక్షలో ఆ మూడో జతలోది ఒకటి లేదని తేలింది. అందుకే ఆర్నెల్లకోసారి కాలేయం చూస్తారు. ఇందాకే స్కాన్ అయింది. మా ఇంట్లో ఈ సంగతి చెప్పలేదు, బెంగపెట్టుకుంటారని. మొదటిసారి ఒక్కదాన్నే కూర్చుంటే సారొచ్చి, ఒంటి మనిషిని చూడలేనని పక్కన కూర్చున్నారు."

భార్యకి సిగ్గేసింది. దర్జీకి రెండోపక్క కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకుంది.

అంతే, జతల సారు అటూ ఇటూ కదలడం మొదలెట్టాడు. లేచాడు, మళ్లీ కూర్చున్నాడు. "ముగ్గురమయ్యాం" అన్నాడు నీరసంగా.

దర్జీ ఆయన్ని చూసి పకపకా నవ్వింది. నవ్వి నవ్వి కన్ను తుడుచుకుని, ఫోను తీసింది. "అక్కా, నీకో మాట చెప్పలేదు. ఆసుపత్రికి రాగలవా? ఇక్కడ ఒక మనిషి తక్కువైంది."

డాక్టరు వచ్చి, ఈసారికి కాలేయంలో ఏమీ లేదని చెప్పేసరికి బెంచీ మీద నలుగురున్నారు.

ఇంటికెళ్తూ ఆయన, "వచ్చేసారి నాలుగు డబ్బాలు" అన్నాడు.

"కడతాను" అంది భార్య, కళ్లజోడు సంచి అడుక్కి తోసేస్తూ.