దస్తావేజులో రాయని నూతిదారి

పలాసలో నేను పుట్టి పెరిగిన జీడిపిక్కల వీధిని ఒకసారి చూసి రావాలని చాలాకాలంగా మనసు పీకుతూ ఉండేది. ఐదేళ్ళ క్రితం నాన్న ఇల్లు అమ్మేశాక టెక్కలిలో స్థిరపడ్డాం. నిజానికి నేను చూడాలనుకున్నది ఇంటిని కాదు, పక్కింటి నీలమ్మత్తని. మా అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరు వేసవిలో ఒక ఆదివారం, ఆవిడకు చీర పెట్టి రావాలని బయలుదేరాను.

టెక్కలిలో ఏడు గంటల బస్సెక్కితే ఎనిమిదిన్నరకు పలాసలో దిగవచ్చు, టిక్కెట్టు పది అణాలు. బస్సు ఆగే రైలు స్టేషను నుంచి మా వీధి పది నిమిషాల నడక. నేను మాత్రం అరగంట వెతికాను. పుట్టిన వీధికి దారి అడగవలసి రావడం కంటే సిగ్గుచేటు ఏముంటుంది! తాటాకిళ్ళు పోయి జీడిపప్పు వ్యాపారుల మేడలు లేచాయి. జీడి అంటకుండా చేతులకు బూడిద రాసుకుని అరుగుల మీద జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ళు ఒక్కరూ లేరు. అసలు అరుగులే లేవు. ఒక ఇనుప గేటు దగ్గర కాపలావాడిని నీలమ్మ గురించి అడిగాను.

"ఆ పిక్కలు కొట్టీవోల్లా? అందరూ ఎలిపోనారు. నీలమ్మ ఉద్దానంలో కూతురింటికాడుంది" అన్నాడు.

ఉద్దానమంటే సముద్రం ఒడ్డు తోటల సీమ, అక్కడ వాడు చెప్పిన ఊరికి బస్సు లేదు. ఒంటెద్దు బండికి రానూపోనూ రెండు రూపాయలు, ఒక్కో వైపూ మూడు గంటలు. జీడితోటల ఇసుకలో చక్రాలు దిగబడినప్పుడల్లా దిగి నడవాలి.

"పలాసలో ఇల్లమ్ముకున్నోల్లని శానామందిని ఈ బండిమీదే దింపినాను బాబూ." అన్నాడు బండివాడు.

నీలమ్మత్త గుడిసె ముందు కొబ్బరాకు అల్లుతోంది. నన్ను చూసి లేచి నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు. చీర అందుకుని పక్కన పెట్టింది. వీధి ఎందుకు విడిచారని అడిగాను.

"నీల్లు నేక. నుయ్యి మీ పెరట్లో ఉండీది కదా బాబూ. కొన్నాయన గోడెట్టీసినాడు. నూతికి దారి కాగితంలో సూపించమన్నాడు. ఏటి సూపిత్తాం? రెండేల్లు స్టేషనుకాడ నుంచి మోసినాం. తరవాత ఒక్కొక్కలూ ఆయనకే అమ్మీసినాం."

ఇల్లు అమ్మిన ఆ దస్తావేజు రాసింది నేనే. తాలూకా ఆఫీసు గుమాస్తాను కదా, నాలుగు హద్దులూ పొల్లుపోకుండా రాశానని మురిసిపోయాను కూడా. వీధి వీధంతా మా పెరటిలోంచి నీళ్ళకు వెళ్ళడం ఎంత మామూలంటే, అది రాయవలసిన సంగతని నాకు తట్టనే లేదు.

"నాకొక కార్డు ముక్క రాయించలేకపోయావా అత్తా?"

"ఏటని రాయించీది? కాగితం నువ్వే రాసినావని ఆయన సెప్పినాడు. తెలిసే రాసినావనుకున్నాం."

తెలియదత్తా, నిజంగా తెలియదన్నాను. "సర్లే బాబూ" అని మళ్ళీ ఆకు చేతిలోకి తీసుకుంది.

తిరుగు దారిలో ఏడ్చాను. డబ్బున్నవాళ్ళు మా వీధిని మింగేశారని పొద్దున వాళ్ళను తిట్టుకున్న నోటితో ఇంక ఎవరిని తిట్టను? తప్పు దిద్దుకుందామన్నా ఆ ఇళ్ళు లేవు, ఆ మనుషులకు నా మీద నమ్మకమూ లేదు. అటు వెళ్ళేవారికి ఒక్క మాట: టెక్కలి ఆఖరి బస్సు పలాసలో ఆరున్నరకు, అందుకని ఉద్దానంలో మూడింటికల్లా బండి కట్టించండి. నేను మాత్రం ఒంటిగంటకే బయలుదేరాను. ఇంకాసేపు ఉండమని నీలమ్మత్త అనలేదు.