క్యారేజీ మీద నాలుగు అంకెలు

మొన్న మంగళవారం పొద్దున, కాఫీ గ్లాసు ఇంకా చేతిలో ఉండగానే, ఫోనుకి ఒక సందేశం వచ్చింది. ముందుజాగ్రత్తగా మీ కార్డును నిలిపివేశాము, కొత్తది పంపుతున్నాము అని దాని సారాంశం. ఆ వెంటనే ఒక అమ్మాయి ఫోన్ చేసి బ్యాంకు నుంచి మాట్లాడుతున్నానంది. ముప్పై ఏళ్ళకు పైగా అదే బ్యాంకులో పనిచేసి, అందులో సగం కార్డుల భద్రత విభాగంలోనే గడిపి రిటైరైన దాన్ని కదా, ఆ గొంతు ఎంత మర్యాదగా ఉన్నా నమ్మకుండా ఫోన్ పెట్టేసి, చీర మార్చుకుని, టోటో, అదే బ్యాటరీ రిక్షా, ఎక్కి నేరుగా బ్రాంచికే వెళ్ళాను. కౌంటరులో ఉన్నావిడ అన్నీ చూసి, ఆ సందేశమూ నిజమే, ఆ ఫోనూ నిజమే అని తేల్చింది. మామూలు మనుషుల కంటపడకుండా ఇంటర్నెట్టులో నడిచే చీకటి బజార్లు కొన్ని ఉన్నాయి, దొంగిలించిన కార్డు నంబర్లను అక్కడ కట్టలుగా కట్టి అమ్ముతారు. అలాంటి ఒక కట్టలో నా నంబరు కూడా కనబడిందట, కొన్నవాడు వాడుకునేలోపే మా వాళ్ళు ఆపేశారట. రూపాయి కూడా పోలేదు.

తిరిగి సుభాష్‌పల్లిలోని మా ఇంటికి వస్తుంటే ప్రాణం ఎంత తేలికపడిందంటే, టోటో అతను అడిగినదానికంటే పది రూపాయలు ఎక్కువిచ్చాను. ఇంటికొచ్చాక మాత్రం కొత్త కార్డు సంగతి మర్చిపోయి, వంటింటి అలమర పై అరలో ఉన్న నాన్న క్యారేజీ దించి, చీర కొంగుతో తుడుస్తూ కూర్చున్నాను. కార్డుకీ క్యారేజీకీ ఏమిటి సంబంధం అంటారా, అది చెప్పాలనే ఈ కాగితాలు ముందేసుకున్నాను.

మా నాన్న ఈ ఊళ్ళోనే, ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ పనిలో చేరాడు, నాన్న ఆయన వెనకే. వర్క్‌షాపులో ప్రతి మనిషికీ నాలుగంకెలు చెక్కిన ఇత్తడి బిళ్ళ ఒకటి ఉండేది. పొద్దున సైరన్ మోగేలోపు గేటు దగ్గర పలక మీంచి తన బిళ్ళ తీసి పెట్టెలో వేస్తే హాజరు పడ్డట్టు, లేకపోతే ఆ పూట జీతం పోయినట్టు. ఒకే పేరు గలవాళ్ళు షాపుకి పదిమంది ఉండేవారేమో, మనిషిని పేరుతో కంటే బిళ్ళ నంబరుతోనే పిలవడం అలవాటైపోయింది. నాన్నది నలభైరెండు ముప్పైఏడు. పాలవాడు మా లెక్క ఆ నంబరు కిందే రాసుకునేవాడు, పండక్కి బొబ్బట్లు పంపేటప్పుడు పక్కింటివాళ్ళు నలభైరెండు ముప్పైఏడు ఇంటికి అని చెప్పి పంపేవారు. నా చిన్నప్పుడు కొన్నాళ్ళు అదే మా ఇంటిపేరనుకున్నాను, నవ్వకండి.

వర్క్‌షాపు భోజనాల షెడ్డులో ఒకే రకం అల్యూమినియం క్యారేజీలు వందల కొద్దీ బారులు తీరి ఉంటాయి కాబట్టి, ఎవరిది ఎవరు ఎత్తుకుపోకుండా ఎవరి నంబరు వాళ్ళు మూత మీద, గిన్నెల మీద ఉలితో చుక్కలు చుక్కలుగా కొట్టుకునేవారు. ఇంకో అలవాటు కూడా ఉండేది. జీతాల రోజున గేటు బయట జేబుదొంగలు కాపేసేవారు గనక, జీతం కవరును ఖాళీ అయిన అడుగు గిన్నెలో పెట్టి, పైన ఎంగిలి గిన్నెలు తగిలించి, ఏమీ ఎరగనట్టు సైకిలుకి వేలాడేసుకుని ఇంటికి తెచ్చేవారు. పులుసు వాసన కొట్టే నోట్లను అమ్మ లెక్కపెట్టుకోవడం నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టే ఉంది.

ఎనభైల చివర్లో నాకు బ్యాంకులో ఉద్యోగం వచ్చింది. తొంభైల చివరికి నాన్న రిటైరవ్వడమూ, మా బ్రాంచి పక్కన ఏటీఎం మెషీను పెట్టడమూ ఇంచుమించు ఒకేసారి జరిగాయి. మెషీను గది చల్లగా, అద్దాల తలుపుతో ఎంత అందంగా ఉండేదో, పని లేకపోయినా జనం వచ్చి తొంగిచూసి పోయేవారు. పెన్షనుదారులకు కార్డులు అంటగట్టే పని మేనేజరు నాకు అప్పగించారు, తెలుగు వచ్చినదాన్నని. నేను తెలుగువాళ్ళే ఎక్కువున్న మా రైల్వే క్వార్టర్ల లైనులో ఇంటింటికీ తిరిగి, రహస్య సంఖ్య ఎవరికీ చెప్పకూడదు, ఎక్కడా రాయకూడదు అని బల్లగుద్ది చెప్పి, అందరిచేతా కార్డులు తీయించాను. అందరూ బుద్ధిగా తలూపారు. తర్వాత ఒక్కొక్కరే మెషీను దగ్గరికి వెళ్ళి, బ్యాంకు ఇచ్చిన సంఖ్య మార్చేసి, జన్మలో మర్చిపోలేని నాలుగంకెలు పెట్టుకున్నారు. అవేమిటో మీకీపాటికి తెలిసే ఉంటుంది. అంత చదువుకున్న నాకు మాత్రం అప్పుడు తట్టలేదు.

ఆ ఏడు మేము సుభాష్‌పల్లిలో ఇల్లు కట్టుకుంటున్నాం. రైల్వే క్వార్టరు నెలాఖరుకి ఖాళీ చేసెయ్యాలి, వానలు ముంచుకొస్తున్నాయి, గోడలు లేచి స్లాబు మిగిలింది. నాన్న ఖాతాలో ఉన్నది ఆ స్లాబుకి సరిపడా సొమ్మే, అంతకు మించి మాకు వెనకా ముందూ ఏమీ లేదు. రిటైరయ్యాక కూడా నాన్న రోజూ సైరన్ వేళకే లేచి, అన్నం క్యారేజీ కట్టించుకుని, మేస్త్రీల దగ్గర నిలబడ్డానికి వెళ్ళేవారు.

ఒక శనివారం మధ్యాహ్నం మేస్త్రీలకు వారం కూలీ ఇవ్వడానికి మెషీనులో డబ్బు తీశారు, కూలీ ఇచ్చారు, కొత్త ఇంటి వీధి మలుపులో, దాదా, అంటే అన్న, అని అందరూ పిలిచే బెంగాలీ ఆయన టీ కొట్టులో టీ తాగారు, చేతులూపుకుంటూ ఇంటికొచ్చారు. క్యారేజీ ఏదని అమ్మ అడిగేదాకా ఆయనకే తెలియలేదు. క్యారేజీ పోతే పోయింది, ముఖం ఎందుకలా పెట్టారని నేనడిగితే, కార్డు అడుగు గిన్నెలో ఉందన్నారు. జీతం కవరు పెట్టుకున్న చోటే కార్డూ పెట్టుకున్నారన్నమాట. వెళ్ళి చూస్తే టీ కొట్టు మూసేసి ఉంది, బెంచీ మీద ఏమీ లేదు.

సంఖ్య ఎక్కడైనా రాశారా అని అడిగాను.

“నానెక్కడా రాయనేదమ్మా, నువ్వు సెప్పినట్టే సేసినాను. మన బిళ్ళ నంబరే కదా, రాయడమెందుకు?”

ఆయన రాయలేదు నిజమే, కానీ పాతికేళ్ళ కిందటే మూత మీద ఉలితో కొట్టుకున్నారు. కార్డూ, దాని తాళంచెవీ ఒకే క్యారేజీలో పెట్టి ఊరి మీద వదిలేశాం. మెషీనులో రోజుకి ఇంతేనని ఒక హద్దు ఉండేది గానీ, శని, ఆది, సోమవారం పొద్దున కలిపితే మా స్లాబులో చాలాభాగం కూలిపోయేంత హద్దు అది. బ్యాంకు మధ్యాహ్నమే మూసేశారు. మెషీను గదికి తాళం వేయిద్దామన్నా, ఆ తాళాలున్న మేనేజరు కలకత్తాలో తన ఇంటికి రైలెక్కేశారు. కార్డు ఆపించడానికి కలకత్తా ఆఫీసుకి ఎస్టీడీ బూతు నుంచి ఎన్నిసార్లు చేసినా గంట మోగుతోందే తప్ప ఎత్తే దిక్కు లేదు, సోమవారం పదింటిదాకా అంతే. ఆ భయంలో, ఆ ఉక్రోషంలో, లైనులోవాళ్ళందరూ గుమ్మాల్లో నిలబడి చూస్తుండగా బుద్ధుందా నాన్నా అని అరిచేశాను. ముప్పై అయిదేళ్ళు ఇనుముతో పనిచేసిన మనిషి తల దించుకుని మంచం మీద కూర్చుండిపోయారు. ఆ మాట అన్నందుకు నాకు ఈనాటికీ సిగ్గుగానే ఉంటుంది.

ఎదురింటి పెదనాన్న, అంటే నాన్నతో ఒకే బెంచీ మీద పనిచేసి ముందే రిటైరైన ఆయన, అంతా విని ఒకటే ప్రశ్న వేశాడు, ఈ కార్డు ఇంకే మెషీనులోనైనా పనిచేస్తుందా అని. లేదు, అప్పటి కార్డులు ఈ ఒక్క మెషీనులోనే అన్నాను.

“ఒక్కటే అయితే భయమేటి? గేటు మనం కాసేద్దాం. ఎ షిఫ్టు నాది.”

నేను వేళాకోళమనుకున్నాను. అరగంటలో పన్నెండుమంది రిటైరైన కార్మికులు సైకిళ్ళ మీద మెషీను ముందు దిగారు. ఎ షిఫ్టు, బి షిఫ్టు, సి షిఫ్టు అని సుద్దముక్కతో గోడ మీద నంబర్లు రాసుకున్నారు, పేర్లు కావు సుమా, నంబర్లే. ఆదివారం పొద్దున చర్చికి వెళ్ళే ముగ్గురికి మధ్యాహ్నం షిఫ్టు వేశారు. డబ్బు తియ్యడానికి వచ్చిన ప్రతి మనిషినీ కార్డు మీద పేరు చూపించమని, చూపించాకే లోపలికి పంపారు. హిజ్లీ నుంచి వచ్చిన కాలేజీ మేష్టరు ఒకాయన, బ్యాంకు కొత్త రూలనుకుని, వరసలో నిలబడి మరీ చూపించాడు. కంప్యూటరు భద్రత అనే మాట నేను అప్పటికి వినలేదు గానీ, దాని మొదటి కార్యాలయం ఆ గుమ్మం ముందే తెరిచారని నా నమ్మకం.

ఆదివారం పదకొండు గంటలకు నేను వాళ్ళకు టీ ఫ్లాస్కు పట్టుకెళ్ళాను. నాన్న ఓ మూల ఒక్కరే నిలబడి ఉన్నారు. అంతలో సైకిలు మీద ఒకడు వచ్చి దిగాడు, హేండిలుకి మా క్యారేజీ వేలాడుతోంది. అందరూ ఒక్కసారిగా మీద పడ్డారు.

“ఏటి, ఎక్కడ కొట్టేసినావురా?” అని పెదనాన్న అతని చొక్కా పట్టుకున్నాడు.

“ఆరే దాదా, ఆమి చోర్ నా, దొంగని కాదు! ఈ నంబరు బాబు ఇల్లేదని అడిగితే అందరూ ఇక్కడికే పొమ్మన్నారు!”

తీరా చూస్తే టీ కొట్టు దాదా. నిన్న కొట్టు కట్టేస్తూ బెంచీ కింద క్యారేజీ చూసి, ఎంగిలి గిన్నెలు వాసనొస్తాయని ఇంటికి తీసుకెళ్ళి శుభ్రంగా తోమించాడట. అడుగు గిన్నెలోని కార్డు రైల్వే పాసేమో అనుకుని దాన్నీ కడిగి, భుజమ్మీది గంఛా తువ్వాలుతో తుడిచి, మళ్ళీ అందులోనే పెట్టాడట. పొద్దున్నే మూత మీది అంకెలు పట్టుకుని క్వార్టర్ల వైపు వెళ్ళి అడిగితే, మొదటి గుమ్మంలోని ఆడవాళ్ళే అది మా నాన్నదని చెప్పి, మగాళ్ళంతా బ్యాంకు దగ్గరున్నారని పంపారట. పెదనాన్న చొక్కా వదిలేసి, నలిగిన చోట చేత్తో సాపు చేశాడు. నేను తెచ్చిన టీలో మొదటి గ్లాసు ఆ టీ కొట్టు దాదాకే ఇచ్చాం, అతను తాగి, పంచదార తక్కువైందన్నాడు. నాన్న మాత్రం కార్డు చూడ్డానికి ముందు మూడు గిన్నెలూ ఉన్నాయో లేదో లెక్క చూసుకున్నారు. అప్పుడు నాకొచ్చిన నవ్వు ఏడుపులోకి తిరిగింది, అందరిముందే ఆయన చెయ్యి పట్టుకుని క్షమించమన్నాను. పద, ఆకలేస్తోంది అన్నారంతే.

కార్డు దొరికినా, సంఖ్య ఊరందరికీ తెలిసిందే కదా అని సోమవారం పదింటికి దాన్ని ఆపించాను. నెలాఖరులోపే స్లాబు పడింది, వానలు తర్వాతే వచ్చాయి. కొద్దిరోజులకు కలకత్తా నుంచి వచ్చిన భద్రతాధికారి ఈ కథ విని మొదట నవ్వి, తర్వాత నవ్వు ఆపేసి, పారేసుకున్న కార్డులు కొనేవాళ్ళు నగరంలో అప్పటికే తయారయ్యారని, ఒట్టి కార్డుకి ఒక ధర, సంఖ్యతో సహా అయితే ఇంకో ధర అని చెప్పారు. నేను మళ్ళీ ఇంటింటికీ తిరిగి, బిళ్ళ నంబర్లు మార్పించాను. మా వీధి చివరి అత్త మెషీను దగ్గరి నుంచి వస్తూ వస్తూ, వీధికి అవతలి నుంచే, “ఏటమ్మా, మీ మావయ్య నంబరు తిరగేసి పెట్టేసినాను, బాగుందా?” అని కేక వేసింది. ఆవిణ్ణి మళ్ళీ వెనక్కి పంపాను.

ఆ సంగతి వల్లే నన్ను తర్వాత కార్డుల విభాగానికి వేశారు. అక్కడ ఉన్నన్నాళ్ళూ ఆ బజారు పెరగడం కళ్ళారా చూశాను. మొదట చేతులు మారేవి పోయిన కార్డులు, తర్వాత కార్డుని వదిలేసి దాని మీది అంకెలే, చివరికి లక్షల అంకెలు ఒకేసారి, కొనేవాడెవడో అమ్మేవాడికే తెలియకుండా. వాళ్ళొక తలుపు తెరిస్తే మేమొక తాళం వేసేవాళ్ళం. కార్డులో చిప్పు, ఫోనుకొచ్చే ఓటీపీ, డబ్బు తియ్యగానే మోగే సందేశం, ఇవన్నీ ఎక్కడో ఎవరిదో స్లాబు కూలిపోయాక వచ్చినవే. మన వయసువాళ్ళం వాటిని చూసి విసుక్కుంటాం గానీ, మొన్న నా కార్డుని కాపాడింది అవే. పెదనాన్న ఎ షిఫ్టులాంటివాళ్ళు ఎక్కడో కూర్చుని నేను చూడని గుమ్మం కాశారు, వాళ్ళకి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

కొత్త కార్డు నిన్ననే వచ్చింది. రహస్య సంఖ్య పెట్టుకునేటప్పుడు నా వేలు నాలుగు మీదికి దానంతటదే వెళ్ళింది, వెనక్కి తీసుకున్నాను. ఏం పెట్టుకున్నానో మీకు కూడా చెప్పను, ఏమనుకోకండి. క్యారేజీని మాత్రం తళతళలాడేలా తోమి మళ్ళీ పై అరలో పెట్టాను. అందులో అన్నం పెట్టుకుని బయటికి తీసుకెళ్ళే ధైర్యం లేదు. దాన్ని ఏ బెంచీ కిందో మర్చిపోతే, మూత మీది నాలుగంకెలు చూసి ఇది ఫలానా వాళ్ళ ఇల్లని తెచ్చి ఇచ్చేవాళ్ళు ఖరగ్‌పూర్‌లో ఇప్పుడు ఒక్కరూ లేరు.