తెలివి మీద అన్న మాట

1959లో నేను మంథని సర్కారు దవాఖానాలో నర్సుగా ఉండేదాన్ని. పేరుకు దవాఖానా గానీ, ఉన్నవి నాలుగు మంచాలు, ఒక డాక్టరు, నేను. సూదులు మరిగించడం, పుండ్లు కడగడం, కాన్పులు చేయడం, తిట్లు తినడం అన్నీ నా వంతే. ఆ ఏడు వానాకాలం జ్వరాలతో నా నడుము విరిగింది. ఇంకొకరి మీద జాలిపడే ఓపిక కూడా మిగల్లేదు.

అప్పుడే నరహరి పంతులుగారిని మంచంతో సహా మోసుకొచ్చారు. డెబ్బై దగ్గర పడ్డ మనిషి, వేదం చదివిన ఇల్లు, పొలాలున్న కుటుంబం. జబ్బు న్యుమోనియా. మనవాళ్ళు నెమ్ము అంటారు, ఊపిరితిత్తులు బరువెక్కి గాలి ఆడదు. డాక్టరుగారు పెన్సిలిన్ మొదలుపెట్టించి, బయటికి వచ్చి, పంతులుగారి భార్య అనసూయమ్మతో "ఆశ పెట్టుకోవద్దమ్మా" అన్నారు. తలుపు తెరిచే ఉంది. పంతులుగారికి ఆ మాట వినబడింది.

ఆయన నన్ను పిలిచి, "బిడ్డా, ఇగ ఆలస్యం చెయ్యద్దు. మావోళ్లను పిలిపియ్యి. ఆతుర సన్యాసం తీసుకుంట" అన్నారు.

అదేమిటో నాకు తెలియదు. అనసూయమ్మే చెప్పింది. వయసు ముదిరేకొద్దీ మనిషి ఇల్లూ వాకిలీ, ఆలుబిడ్డలూ, చివరికి తన పేరూ వదిలించుకుంటూ పోవాలట. ఆఖరి మెట్టు సన్యాసం. అన్నాళ్ళూ తీరిక దొరకనివాళ్ళు ప్రాణం మీదికి వచ్చినప్పుడైనా తీసుకోవచ్చట.

"అరవై నిండినప్పటిసంది అంటనే ఉన్నడు. పొలం పంచాయితీ తెగినంక, మనుమరాలి లగ్గం అయినంక అనుకుంట జరిపిండు. గిప్పుడు యాదికొచ్చింది" అంది. ఆ గొంతులో నాకు దుఃఖం కంటే విసుగే ఎక్కువ వినబడింది.

మధ్యాహ్నం ఇద్దరు పెద్దలు వచ్చారు. అనసూయమ్మ మంచం పక్కన, నేను తలుపు దగ్గర నిలబడ్డాం. జంధ్యం తీయించారు, కాషాయం గుడ్డ కప్పారు. అన్నీ వదిలేశానని పంతులుగారు మూడుసార్లు పలికారు, ఆయాసపడుతూనే, కానీ స్పష్టంగా. అంతకుముందే నేను, రోగికి తెలివి ఉందో లేదో చూడటానికి మేం అడిగే ప్రశ్నలు అడిగాను: పేరు, ఊరు, వారం. అన్నీ సరిగ్గా చెప్పి, "పాసైననా?" అని నవ్వారు కూడా.

తీరా చూస్తే ఆయన బతికారు. జ్వరం దిగింది, ఆకలి పుట్టింది. అంత ముదిరిన నెమ్ము నా చేతుల మీద తగ్గడం అదే మొదలు. నాకు సంబరంగా ఉంది. వసారాలో పెద్దలు మాత్రం తలలు పట్టుకుని కూర్చున్నారు. ప్రాణం నిలిచినంత మాత్రాన తీసుకున్న సన్యాసం వెనక్కి పోదు. ఇక ఆయనకు ఇల్లు లేదు, ఆలు లేదు. గోదావరి ఒడ్డున మఠంలో ఉండాల్సిందే. ఒక్కటే దారి ఉంది: తెలివి తప్పి అన్న మాటైతే అది చెల్లదు.

జ్వరం తలకెక్కి మనిషి ఏదేదో మాట్లాడటాన్ని మా పనిలో డెలీరియం అంటాం. ఊళ్ళో సంధి అంటారు. గంజి తాగించడానికి వెళ్తే పంతులుగారు నా చెయ్యి పట్టుకున్నారు.

"బిడ్డా, ఆనాడు నాకు సంధి కమ్మిందని చెప్పు. నీకు పుణ్యముంటది. మఠంల బండ మీద నాకు నిద్ర రాదు. ఆమె చేతి పచ్చిపులుసు లేకుంటె ముద్ద దిగది."

ఆయన కళ్ళ నిండా నీళ్ళు. నాకూ ఏడుపొచ్చింది. అబద్ధమైతే ఏం పోయింది, ముసలాయన ఇల్లు చేరతాడు, ఆవిడ సంతోషిస్తుంది అనుకుని వసారాలోకి వచ్చాను.

పెద్దలలో ఒకాయన అడిగాడు: "నర్సమ్మా, ఆనాడు పంతులు తెలివి మీద ఉన్నడా, లేడా?"

నేను నోరు తెరిచేలోగా అనసూయమ్మ అందుకుంది. "ఉన్నడు. నా మొఖం చూసుకుంటనే అన్నడు. నర్సమ్మను అడుగుడెందుకు, పక్కన నేను లేనా?"

పెద్దలు లేచి మఠానికి కబురు పంపారు. మర్నాడు మఠంవాళ్ళు వచ్చి తీసుకుపోతుంటే ఆయన వెనక్కి తిరిగి ఆమె కోసం వెతికారు. ఆమె తల వంచుకుని, ఇంటి నుంచి తెచ్చిన గిన్నెలు సర్దుకుంటోంది.

నేను ఉండబట్టలేక కోపంగానే అడిగాను. "మీరు జర ఊకుంటె ఆయన ఇంటికొచ్చేటోరు గదమ్మా. ఎందుకు చెప్పిన్రు?"

ఆమె ఖాళీ మంచం మీద కూలబడింది. అప్పుడు ఏడ్చింది.

"చిన్న పిల్లగ వచ్చిన బిడ్డా, గా ఇంటికి. తెల్లారకముందే లేసి మడి కట్టుకొని వండుడే. ఆయన 'అన్నీ వదిలేసిన' అన్ననాడు నా నెత్తి మీది బరువు దిగినట్టయింది. ఏడ్వాలె గద, ఏడుపు రాలే. దిగినదాన్ని మల్ల ఎత్తుకొమ్మంటె ఎట్ల ఎత్తుకుందు? ఆయనకు వదులుడు నోటితోని వచ్చింది. నాకు నిజంగనే వచ్చింది."

ముసలితనం అంటే అప్పటిదాకా నాకు మందు లేని రోగం. వదిలేయడమంటే చదువుకున్న మగవాళ్ళు కాషాయం కట్టి చేసే పని. అనసూయమ్మ బొట్టు తీయలేదు, ఇల్లు విడవలేదు. వంటిల్లు కోడలికి అప్పగించి, పొద్దున్నే అరుగు మీద ఊరికే కూర్చుంటోందని విన్నాను. ఆ తర్వాత వయసు మళ్ళినవాళ్ళు ఎవరొచ్చినా, ఎక్కడ నొప్పి అని అడిగాక, ఇంకా ఏం మోస్తున్నారని కూడా అడిగేదాన్ని. మగవాళ్ళు చాలా చెప్పేవారు. ఆడవాళ్ళు చాలామంది ఆ మాట అడిగినందుకే ఏడ్చేవారు.